గళ్ళ సంచా, బరువు లిస్టా? ఆర్‌పీజీల్లో ఏ ఇన్వెంటరీ మంచిది, ఎందుకు?

వైజాగ్_నెక్రో

కొత్త ఆర్‌పీజీ (పాత్రని పెంచుకుంటూ ఆడే వీడియో గేమ్) ఏది వచ్చినా కథ బాగుందా, బాస్ ఫైట్లు ఎలా ఉన్నాయి, లాప్‌టాప్‌లో ఎన్ని ఫ్రేములు వస్తున్నాయి అని పేజీలకు పేజీలు రాస్తాం. గంటల తరబడి తల దూర్చి కూర్చునే ఇన్వెంటరీ (మన వస్తువులు ఉండే సంచి మెనూ) ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. డయాబ్లో 2 (2000). అడ్డంగా 10, నిలువుగా 4, మొత్తం 40 గళ్ళు. ఉంగరం ఒక గడి, కవచం ఆరు, పొడుగాటి ఈటె ఎనిమిది. మొదటి డయాబ్లోలో బంగారం కూడా చోటు తినేది, గడికి 5,000 చొప్పున. రెండో ఆటలో అది తీసేశారు. సరిగ్గా చేశారు, ఎందుకంటే బంగారం తీసుకోవాలా వద్దా అని ఎవడూ ఆలోచించడు, అక్కడ చోటు తినిపిస్తే చిరాకు తప్ప ఏమీ మిగలదు.

అసలు గొప్పతనం 2001లో లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ అనే విస్తరణతో వచ్చిన చార్మ్‌లది. చార్మ్ ఒంటి మీద తొడుక్కునేది కాదు, సంచిలో ఉన్నంతసేపే పనిచేస్తుంది. చిన్నది ఒక గడి, మధ్యరకం రెండు, గ్రాండ్ చార్మ్ మూడు. పది గ్రాండ్ చార్మ్‌లు వరసగా నిలబెడితే 30 గళ్ళు నిండిపోతాయి, అడుగున మిగిలిన ఒక్క వరసలో పది చిన్నవి పడతాయి. అప్పుడు మన నెక్రోమాన్సర్ (మంత్రగాడి పాత్ర) అంత బలమైనవాడు ఇంకోడుండడు. కానీ కాళ్ళ దగ్గర పడ్డ యూనిక్ (అరుదైన) కవచాన్ని ఎత్తుకోడానికి ఒక్క గడి ఉండదు. బలమా, లూటా (దొరికే సొత్తా)? ప్రతి గడి దగ్గరా ఈ బేరమే. నాకు ఇది ఫైటింగ్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

డయాబ్లో 3 (2012) వస్తువులన్నిటినీ ఒకటి, రెండు గళ్ళకి కుదించింది. డయాబ్లో 4 (2023)లో గొడ్డలికీ ఒకటే గడి, ఉంగరానికీ ఒకటే గడి. సులువే, కాదనను. ఆ బేరం మాత్రం పోయింది.

మీకు ఏ ఆటది నచ్చిందో చెప్పండి. ఎందుకో కూడా రాయండి, ఊరికే పేరు చెప్పి వెళ్ళకండి.

సిరి_పీసీ

నెక్రో అన్నా, చార్మ్‌ల విషయంలో పూర్తిగా నీ పక్షమే. కానీ నువ్వు రెండు వేరే పనుల్ని కలిపేస్తున్నావు. ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అన్నది నిర్ణయం. ఈటె పట్టాలంటే నిలువునా నాలుగు గళ్ళు ఖాళీ కావాలి కాబట్టి ఉంగరాలూ రత్నాలూ ఒక్కొక్కటీ పట్టుకుని పక్కకి జరపడం చాకిరీ. అక్కడ ఆలోచించేది ఏమీ లేదు, చేయి కదపడమే. డయాబ్లో 2లో మొదటిది అద్భుతం, రెండోది దాన్ని వెన్నంటి వచ్చిన బెడద.

నేను ఉద్యోగంలో యాప్‌లకి స్క్రీన్లు డిజైన్ చేస్తాను. ఏ స్క్రీన్ చూసినా మొదట అడిగేది ఒకటే. ఇక్కడ మనిషి ఏం తేల్చుకోవాలి, దానికి కావలసిన వివరాలన్నీ ఒకేసారి కళ్ళముందు ఉన్నాయా?

ఈ లెక్కన చూస్తే స్కైరిమ్ (2011) అసలు మెనూ ఓడిపోతుంది. మొదట్లో మోయగలిగే బరువు 300. దాటితే పరుగు లేదు, ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్ మీంచి నేరుగా ఇంకోచోటికి వెళ్ళడం) లేదు. అంటే ఆట మనల్ని అడుగుతున్నది సూటి ప్రశ్న: బరువుకి తగ్గ విలువ దేనికుంది? కానీ లిస్టులో పేర్లు తప్ప ఏమీ ఉండవు. ఒక్కో పేరు మీదకి వెళ్తే గానీ దాని బరువు, ధర కనబడవు. డ్రాగన్ ఎముక బరువు 15, విలువ 500. ఇనుప కవచం బరువు 30, విలువ 125. రెండూ పక్కపక్కన కనబడితే కవచం అక్కడే వదిలేస్తాం. కనబడదు కాబట్టి వందల వస్తువుల్లో పైకీ కిందకీ తిరుగుతాం.

స్కైయూఐ మాడ్ (ఆటగాళ్ళే తయారుచేసిన మార్పు) ఈ ఒక్క లోపాన్నే పట్టుకుంది. వరసలు, నిలువు గడులు, వెతుకుడు పెట్టె, బరువుకి ఎంత విలువో చూసుకుని క్రమంలో పెట్టుకునే వీలు. ఆటలో ఒక్క నియమం కూడా మారలేదు, 300 అలాగే ఉంది. కానీ ప్రశ్నకి జవాబు చూడగానే దొరుకుతుంది. అందుకే గ్రిడ్ గొప్పదా, లిస్ట్ గొప్పదా అన్న పోటీయే నాకు సరిగ్గా అనిపించదు.

ఇందూరు_శీను

మీ ఇద్దరి ఆటలల్ల ఒకటి ఒకటే ఉంది. సంచి మీద పరిమితి పెట్టిండ్రు. నేను దానికే ఒప్పుకోను.

డార్క్ సోల్స్ (2011) చూడుండ్రి. సంచిల ఎన్ని కత్తులు, ఎన్ని కవచాలు పెట్టుకున్నా బరువు లేదు. ఒంటి మీద వేసుకున్నదానికే బరువు. మోయగలిగిన దాంట్ల 25 శాతం లోపు ఉంటే వేగంగ దొర్లుతవ్, 50 లోపు ఉంటే మామూలుగ, దాటిందంటే బండరాయి పడ్డట్టు పడతవ్. ఎల్డెన్ రింగ్ (2022)ల ఈ గీతలు 30కీ 70కీ మారినయి, సూత్రం మాత్రం గదే. పల్చటి అంగీ ఏసుకుని తప్పించుకుంటవా, లావు కవచం ఏసుకుని దెబ్బ తింటవా? ఇగ గిది కదా నిర్ణయమంటే! తేల్చుకున్న మరుక్షణం నుంచి ప్రతి ఫైట్ల తెలుస్తది. స్కైరిమ్‌ల బరువెక్కితే ఏమైతది? ఊరికి పోయి అమ్మి వస్తవ్, అంతే.

ఇంకో ముఖ్యమైన మాట. సోల్స్‌ల మెనూ తెరిస్తే ఆట ఆగదు. స్కైరిమ్‌ల డ్రాగన్ నోరు తెరిచి నిప్పు కక్కుతుంటే మెనూ తెరిచి ఇరవై సీసాలు తాగొచ్చు. సోల్స్‌ల గట్ల నడవదు. అందుకే ఫైట్‌కి ముందే ఏది ఎక్కడ పెట్టుకోవాలో సర్దుకుంటం. ఎల్డెన్ రింగ్‌ల క్విక్ ఐటమ్స్‌కి పది చోట్లు, పౌచ్‌కి ఆరు. ఆ ఆరింట్ల నాలుగు ఒక్క బటన్ కలయికతోని అందుతయి. ఆ నాలుగింట్ల ఏం పెడ్తవో చూస్తే నువ్వు ఎట్ల ఆడ్తవో చెప్పొచ్చు.

ఒక్క లోటు ఉండె. కొత్తగ దొరికిన వస్తువు ఎక్కడ చేరిందో తెల్వకపోయేది. 2024 జూన్‌ల షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చినప్పుడు, కొత్తవి విడిగ చూపే ట్యాబ్ పెట్టిండ్రు. రెండేండ్లు పట్టింది, ఆ పని మొదటి రోజే చేయాల్సిన పని.

వైజాగ్_నెక్రో

శీనూ, డయాబ్లో 2లోనూ ఆట ఆగదు. ఇన్వెంటరీ తెరిస్తే కుడి సగం మూసుకుపోతుంది, ఎడమ సగంలో రాక్షసులు వస్తూనే ఉంటారు. ఆ విషయంలో మనం ఒకటే జట్టు.

సిరి చెప్పిన నిర్ణయం, చాకిరీ అన్న తేడా బాగుంది. దాన్ని పట్టుకుని మిగతా ఆటలు కూడా చూద్దాం.

కమాండర్_పద్మ

అలా అయితే మాస్ ఎఫెక్ట్ మూడు ఆటల్నీ వరసగా పెట్టి చూడండి. ఒకే సిరీస్, ఒకే హీరో, మూడు రకాల జవాబులు.

మొదటిది (2007): 150 వస్తువుల పరిమితి. ఒకే తుపాకీ ఒకటి నుంచి పది దాకా రోమన్ అంకెలతో పది రకాలు. నాలుగో రకం, ఐదో రకం మధ్య తేడా చూడ్డానికి కిందకి పైకి తిరగడం, పరిమితి దగ్గరికి వస్తే ఒక్కొక్కటిగా ఓమ్నీ జెల్ అనే ముడిసరుకుగా మార్చుకోవడం. ఏ గ్రహం మీద దిగినా అక్కడి ఆకాశం చూడాలనిపిస్తుంది. చూసేది ఆ లిస్టు.

రెండోది (2010): ఇన్వెంటరీనే ఎత్తేశారు! ఉన్న కొన్ని తుపాకుల్లోంచి మిషన్‌కి ముందు ఎంచుకుంటాం, అంతే. అప్పట్లో ఇది ఆర్‌పీజీయే కాదని చాలామంది కోప్పడ్డారు. నాకు హాయిగానే ఉంది, కానీ ఏదో కొరత కూడా ఉంది. ఆయుధం మారిస్తే నా పాత్ర మారినట్టు అనిపించేది కాదు.

మూడోది (2012) దగ్గర నాకు దణ్ణం పెట్టాలనిపించింది. తుపాకులకి బరువు పెట్టారు, ఆ బరువుని పవర్స్ (ప్రత్యేక శక్తులు) మళ్ళీ సిద్ధమయ్యే వేగానికి ముడేశారు. ప్లస్ 200 శాతం నుంచి మైనస్ 200 శాతం దాకా. నేను అడెప్ట్‌గా, అంటే పవర్స్ మీదే ఆధారపడే పాత్రగా ఆడతాను. ఒక్క తేలిక పిస్తోలు పెట్టుకుంటే చేతుల్లోంచి పవర్స్ జల్లులా కురుస్తాయి. అదే సోల్జర్ అయితే ఐదు తుపాకులూ వేసుకుని వెళ్ళొచ్చు. ఏం మోస్తున్నావు అన్నది నువ్వెవరు అన్నదానికి జవాబు అయిపోయింది. శీను తమ్ముడు చెప్పిన సోల్స్ సూత్రం కూడా ఇదే కదా.

2021 లెజెండరీ ఎడిషన్‌లో మొదటి ఆటకి క్రమంలో పెట్టుకునే వీలు, చెత్త అని గుర్తు పెట్టి ఒకేసారి వదిలించుకునే వీలు ఇచ్చారు. చాకిరీ తగ్గింది. లోపల తేల్చుకోవాల్సింది మాత్రం అప్పుడూ పెద్దగా లేదు, ఇప్పుడూ లేదు.

బ్రిటానియా_రావు

మీరంతా ఇన్వెంటరీని లెక్కల పుస్తకంలా చూస్తున్నారు. దానికి ఇంకో ముఖం ఉంది, అది చెప్పకపోతే ఈ చర్చ సగమే.

అల్టిమా 7: ద బ్లాక్ గేట్. 1992. అందులో గడులూ లేవు, లిస్టులూ లేవు. భుజాన సంచి ఉంటుంది, దాన్ని తెరిస్తే సంచి బొమ్మ. అందులో రొట్టె, దివిటీ, తాళంచెవులు ఎక్కడ పడేస్తే అక్కడే, ఒకదాని మీద ఒకటి. సంచిలో ఇంకో చిన్న సంచి, దాంట్లో మందుసీసాలు. ఎదురింట్లో బీరువా కూడా ఇలాగే తెరుచుకుంటుంది, అందులోంచి పళ్ళెం పట్టి లాగి బల్ల మీద పెట్టొచ్చు. లోకమంతటికీ ఒకటే నియమం. మన సంచి ఆ లోకంలో ఒక వస్తువు, వేరే పేజీ కాదు.

సౌకర్యమా? కానే కాదు. తాళంచెవి వెతుక్కోవడంలో పూటలు గడిచేవి. వెంట ఉన్నవాళ్ళు ఆకలి అంటే ఒక్కొక్కరికీ చేత్తో తిండి పెట్టాలి. మరుసటి ఏడాది సర్పెంట్ ఐల్ వచ్చింది, దాని సిల్వర్ సీడ్ విస్తరణలో తాళాల గుత్తి ఇచ్చారు, దాంతో ఆ ఒక్క బాధా తీరింది, మిగతా నమ్మకం చెడలేదు. సిరి అమ్మాయి చెప్పిన కొలతతో చూస్తే ఈ ఆటకి సున్నా మార్కులు వస్తాయి. కానీ ఆ ఆట లోకమైన బ్రిటానియాలో నేను ఉన్నాను అనిపించింది ఆ సంచి వల్లే. ఆ అనుభూతికి కూడా మార్కులు వేయాలి కదమ్మా.

సిరి_పీసీ

తప్పకుండా వేయాలి రావు గారూ. ఫాలౌట్ ఆటల్లో చేతికి కట్టుకున్న పిప్‌బాయ్ తెర మీదే అన్నీ చూపించడం వెనక ఉన్నది కూడా ఆ కోరికే అనుకుంటాను. పైగా ఫాలౌట్ 4 (2015)లో మనకి కావలసిన పదార్థాన్ని గుర్తు పెట్టుకుంటే, అది ఉన్న చెత్త వస్తువు పక్కన భూతద్దం బొమ్మ వస్తుంది. అంటే లోకాన్ని నమ్మించడం, దారి చూపించడం రెండూ కలిసి ఉండగలవు.

తెనాలి_టావ్

రావు గారి ఆటకి మనవడు బాల్డర్స్ గేట్ 3 (2023). సంచిలో సంచి, పెట్టెలో పెట్టె, పీపాలు ఎత్తుకెళ్ళి గుమ్మం దగ్గర పేర్చడం, చేతికందినది విసరడం, అన్నీ ఉన్నాయి. నాకు ప్రాణం ఆ ఆట. అయినా దాని ఇన్వెంటరీని వెనకేసుకు రాలేను.

నలుగురికి నాలుగు సంచులు, ఒక్కొక్కరికీ స్ట్రెంగ్త్‌ని బట్టి బరువు. స్క్రోల్ ఒకటి ఎవరి దగ్గరుందో గుర్తుండదు. తాళాలకి, మూలికలకి, తిండికి వేరే సంచులు వాటంతటవే ఏర్పడటం మంచి ఆలోచన. అమ్మాల్సినవి గుర్తు పెట్టి దుకాణంలో ఒకేసారి అమ్మేయడం ఇంకా మంచి ఆలోచన. అయితే జట్టులో లేకుండా క్యాంపులో కూర్చున్నవాళ్ళ దగ్గర ఏముందో చూడాలంటే వాళ్ళని జట్టులోకి లాక్కోవాల్సి వచ్చేది. నవంబరు 2023లో వచ్చిన ఐదో ప్యాచ్‌తో గానీ ఆ బాధ తీరలేదు.

అసలు నా ఫిర్యాదు బరువు గురించి. ఎక్కడున్నా సరే, కుడి క్లిక్ చేసి వస్తువుని క్యాంపు పెట్టెలోకి పంపేయొచ్చు. ఇక బరువు దేనికి? పరిమితి కాగితం మీద ఉంది, ఆటలో దాని పని ఒక క్లిక్ అదనంగా చేయించడమే. 2015లో విచర్ 3 వాళ్ళు ఒక ప్యాచ్‌లో తయారీ సామగ్రికి బరువు తీసేసి, దాచుకోడానికి పెట్టె ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ మొదటి నుంచే అంతులేని స్టాష్ (దాచుకునే పెట్టె) ఇచ్చింది, ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. అవి నిజాయితీగల పద్ధతులు. పరిమితి అక్కర్లేదనుకుంటే తీసేయాలి. కావాలనుకుంటే దానికి విలువ ఉండాలి.

కర్నూలు_కంట్రోలర్

ఇంతవరకు అందరూ మౌస్ పట్టుకుని మాట్లాడారు. నేను సోఫాలో కూర్చుని టీవీలో ఆడతాను, ఎరుపు ఆకుపచ్చ తేడా నాకు సరిగా తెలియదు. నా వైపు నుంచి కూడా వినండి.

ద ఔటర్ వరల్డ్స్ (2019) మొదట వచ్చినప్పుడు వస్తువుల వివరణ చదవాలంటే లేచి టీవీ దగ్గరికి పోవాల్సినంత చిన్న అక్షరాలు. తర్వాతి ప్యాచ్‌లో అక్షరాల సైజు పెంచుకునే వీలు ఇచ్చారు. ఎంత చక్కగా సర్దిన ఇన్వెంటరీ అయినా చదవలేకపోతే లేనట్టే.

ఇక రంగులు. అన్నా, నువ్వు పొగిడే డయాబ్లో 2లో సెట్ వస్తువు పేరు ఆకుపచ్చ, యూనిక్ పేరు మట్టిబంగారు రంగు. నేల మీద పడ్డప్పుడు నాకు రెండూ ఇంచుమించు ఒకేలా కనబడతాయి. నిర్ణయం సంగతి తర్వాత, ముందు ఏది పడిందో తెలియాలి కదా. పేరు పక్కన ఒక గుర్తో, అంచులో ఆకారమో పెడితే చాలు, ఎవరికీ నష్టం లేదు.

నాకు అన్నిటికన్నా తేలిగ్గా అనిపించినది పర్సోనా 5. లోపల ఉన్నది మామూలు లిస్టే. కానీ పెద్ద బొద్దు అక్షరాలు, ఎంచుకున్నది నలుపు తెలుపుల్లో ఎగిసి కనబడుతుంది. ఫైట్‌లో ఒక్కో పనికి ఒక్కో బటన్, లిస్టులో దిగక్కర్లేదు. అంత ఆర్భాటమైన మెనూ అయినా చేతికి అడ్డు రాదు.

మధ్యరాత్రి_ఎక్సైల్

పాత్ ఆఫ్ ఎక్సైల్ (2013) పేరు ఇంకా రాలేదేంటి? డయాబ్లో 2 గళ్ళకి అసలు వారసుడు అది. 12 బై 5, అంటే 60 గళ్ళు. కానీ అందులో నేల మీద పడే వస్తువులు ఎన్నంటే, అన్నీ చదువుతూ కూర్చుంటే ఆట సాగదు. అందుకే లూట్ ఫిల్టర్లు వచ్చాయి. ఏ వస్తువు కనబడాలి, ఏది దాక్కోవాలి, ఏ రంగులో, ఏ శబ్దంతో అన్నది ఒక ఫైల్‌లో రాసుకుంటాం. కర్నూలు అన్నకి కావలసింది ఇక్కడ ఉంది. యూనిక్‌కి నీకు కనబడే రంగు, చిన్న మ్యాప్ మీద నక్షత్రం గుర్తు, గంట శబ్దం పెట్టుకోవచ్చు.

గమనించండి, ఈ ఆటలో నిర్ణయం సంచిలో జరగదు, నేల మీదే అయిపోతుంది. అది కూడా ముందు రోజు తీరిగ్గా కూర్చుని ఫైల్ రాసుకున్నప్పుడే. ఫైట్ మధ్యలో ఆలోచన లేదు.

నచ్చనిది కూడా చెప్పాలి. స్టాష్ ట్యాబ్‌లు డబ్బులకి అమ్ముతారు. ఆట ఉచితం, దాన్ని నడపడానికి డబ్బు రావాలి, అదంతా సరే. కానీ కరెన్సీ ట్యాబ్ (ఆటలో మారకంగా వాడే వస్తువులు దాచేది) లేకుండా పై స్థాయిల్లో ఆడటం నరకం. చోటు ఇరుకు చేసేదీ, ఆ ఇరుకు తీర్చే పెట్టెలు అమ్మేదీ ఒకరే అయినప్పుడు ఈ 60 గళ్ళు ఆట కోసం పెట్టారా, అమ్మకం కోసం పెట్టారా అన్న సందేహం పోదు. డయాబ్లో 2 గళ్ళ మీద ఎవరికీ ఆ సందేహం రాలేదు.

కమాండర్_పద్మ

ఇంకో వింత ఇన్వెంటరీ గుర్తొచ్చింది. డిస్కో ఎలీసియం (2019)లో థాట్ క్యాబినెట్. అందులో పెట్టేది వస్తువులు కాదు, ఆలోచనలు. 12 చోట్లు. మొదట్లో కొన్నే తెరిచి ఉంటాయి, మిగతావి స్కిల్ పాయింట్లు ఖర్చుపెట్టి తెరవాలి. ఒక ఆలోచనని పెట్టుకుంటే ఆటలో గంటలు గడిచాక గానీ అది పూర్తిగా ఏమిస్తుందో తెలియదు. నచ్చకపోతే మర్చిపోడానికి కూడా పాయింట్ ఖర్చు. నెక్రో చెప్పిన చార్మ్‌ల బేరం మనిషి బుర్రలోకి వెళ్తే ఇలా ఉంటుంది. అదే ఆటలో బట్టలు మాత్రం నాకు విసుగు. ఒక్కో చెక్‌కి (స్కిల్ పరీక్షకి) ముందు ఆ స్కిల్ పెంచే కోటూ టోపీ మార్చుకోవడం, అయిపోగానే మళ్ళీ విప్పడం. ఒకే ఆటలో ఒకటి సిరి చెప్పే నిర్ణయం, ఇంకోటి సిరి చెప్పే చాకిరీ.

ఇందూరు_శీను

నెక్రో అన్నా, అందరు చెప్పింది ఇన్నవ్ కదా. 2021ల డయాబ్లో 2: రిసరెక్టెడ్ వచ్చింది. దాంట్ల నీ 40 గళ్ళు అట్లనే పెట్టి, స్టాష్ మాత్రం మస్తు పెంచిండ్రు. అది నీకు ఇష్టమేనా? నువ్వు చెప్పే బేరం పాడు కాలేదా?

వైజాగ్_నెక్రో

పాడు కాలేదు శీనూ, ఇంకా బాగైంది.

పాత ఆటలో స్టాష్ మొదట 6 బై 4, విస్తరణతో 6 బై 8. దాచుకోడానికి చోటు చాలక జనం ఏం చేశారు? వస్తువులు మోయడానికే కొత్త క్యారెక్టర్లు సృష్టించుకున్నారు. వాటిని మ్యూల్స్ అనేవాళ్ళం. ఒక క్యారెక్టర్ నేల మీద పడేయడం, ఆట వదిలి ఇంకోదాంతో వచ్చి ఎత్తుకోవడం, ఆ మధ్యలో నెట్ పోతే గుండె ఆగినంత పని. అందులో ఏ నిర్ణయమూ లేదు. రిసరెక్టెడ్ వచ్చినప్పుడు క్యారెక్టర్ సొంత స్టాష్ 10 బై 10, పైగా అందరికీ కలిపి అంతే సైజు ట్యాబ్‌లు మూడు. మ్యూల్స్ అవసరం చాలావరకు పోయింది.

కానీ గుహలో ఉన్నప్పుడు నా దగ్గరున్నవి 40 గళ్ళే. చార్మ్‌లు వాటిలోనే ఉండాలి, లూట్ వాటిలోనే పడాలి. తెనాలి తమ్ముడు చెప్పినట్టు అక్కడి నుంచి క్యాంపుకి పంపేసే క్లిక్ లేదు. టౌన్ పోర్టల్ తెరిచి ఊరికి పోవాలి, ఆ పోర్టల్ టోమ్ కూడా రెండు గళ్ళు తింటుంది.

కర్నూలు రంగుల మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆ లోపం ఉన్నది ఉన్నట్టే. సిరీ, నీకో పని. ఆ 40 గళ్ళూ, చార్మ్‌లూ అలాగే ఉంచి, ఈటె కోసం ఉంగరాలు జరిపే చాకిరీ ఒక్కటే తీసేయాలంటే స్క్రీన్ ఎలా గీస్తావు?

సిరి_పీసీ

ఒక్క బటన్, అన్నా. నొక్కితే చార్మ్‌లు ఎక్కడివక్కడ ఉండి, మిగతావి మాత్రమే పెద్దవి ముందు, చిన్నవి తర్వాత సర్దుకోవాలి. ఏ గడులు కదలకూడదో ఆటగాడు తాళం వేసుకునే వీలుండాలి, అది లేకపోతే క్యూబ్ (సంచిలోనే ఉండే మాయపెట్టె) రోజూ కొత్త చోట కనబడి తిక్క పుడుతుంది. నేల మీది వస్తువు మీద కర్సర్ పెట్టగానే అది ఎక్కడ పడుతుందో సంచిలో నీడలా చూపించాలి. పట్టకపోతే ఏది తీసేస్తే పడుతుందో అదే నీడ చెప్పాలి. గళ్ళు మాత్రం 40కి మించి ఒక్కటి కూడా ఇవ్వను.